హారం లేని లెక్క

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం, ఉద్యోగ విరమణ చేసిన స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక ఫ్యాను కింద కూర్చున్నవారికి నా గొంతు అందుతోందా? అందకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు.

ఇప్పుడే నిర్వాహకులు నా మెడలో దండ వేశారు. వద్దంటే వినలేదు. సరే, దీనితోనే మొదలుపెడతాను. చిన్నప్పుడు భిన్నాలు నేర్చుకున్నాం కదా. గీత పైన ఉండేది లవం, గీత కింద ఉండేది హారం. ముప్పై ఏళ్లకు పైగా ఇదే పాఠం చెప్పి, బయట మైకుల్లో వచ్చే ఉపన్యాసాలు విని, నేను గమనించింది ఒకటుంది. ఎన్నికలప్పుడు నాయకుల మెడలో ఎన్ని హారాలైనా ఉంటాయి, వాళ్లు చెప్పే లెక్కలో మాత్రం హారం ఉండదు. (నవ్వులు) ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ కనబడని హారం గురించే.

లెక్క అనగానే కంగారు పడకండి. ఈ ఊరికి లెక్క కొత్త కాదు. సి.ఆర్. రావుగారు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం ఎం.ఏ. చదివి కలకత్తా వెళ్లారు. ఆయన పాతికేళ్ల వయసులో, 1945లో రాసిన వ్యాసాన్ని ఇవాళ్టికీ ప్రపంచమంతా చదువుతోంది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నేను చెప్పేది ఆయన స్థాయి లెక్క కాదు, ఏడో తరగతి లెక్క. ఏడో తరగతి లెక్కతోనే మనల్ని మోసం చేస్తున్నారన్నదే నా బాధ.

ఒక చిన్న పరీక్ష పెడతాను. ఇది డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు వాడిన ప్రశ్న. ఒక ఊళ్లో నూరు టాక్సీలు. 85 ఆకుపచ్చవి, 15 నీలివి. రాత్రి ఒక టాక్సీ ఎవరినో గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. చూసిన సాక్షి 'నీలి టాక్సీ' అన్నాడు. ఆ వెలుతురులో అతను నూటికి ఎనభై సార్లు రంగు సరిగ్గా గుర్తుపడతాడని పరీక్షించి తేల్చారు. మరి గుద్దింది నీలి టాక్సీయే అయ్యే అవకాశం ఎంత?

(శ్రోతల నుంచి: 'ఎనభై!')

ఎనభై అన్నది ఎవరండీ? నూటికి ఎక్కువమంది అదే అంటారు, సిగ్గుపడక్కర్లేదు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెడదాం. నీలివి 15, అందులో 12 టాక్సీలను సాక్షి నీలివి అంటాడు. ఆకుపచ్చవి 85, అందులో ఐదో వంతు, అంటే 17 టాక్సీలను కూడా పొరబడి నీలివే అంటాడు. అతను 'నీలి' అనేది మొత్తం 29 సార్లు. నిజంగా నీలివి 12. పన్నెండును ఇరవై తొమ్మిదితో భాగిస్తే 41 శాతం. సగం కూడా లేదు! సాక్షి మంచివాడే, కళ్లూ బాగానే ఉన్నాయి. కానీ ఊళ్లో ఆకుపచ్చ టాక్సీలు అన్ని ఉంటే, అతని కొద్దిపాటి పొరపాటే ఎక్కువ సంఖ్య అయిపోయింది.

ఊళ్లో ఏవి ఎన్ని ఉన్నాయన్న ఆ 85, 15 లెక్కను బేస్ రేట్ అంటారు. నేను 'అసలు పాళ్లు' అంటాను. వంట చేసేవారికి పాళ్లంటే చెప్పక్కర్లేదు. ఆ పాళ్లు మరిచిపోయి కళ్లముందున్న సాక్ష్యాన్ని మాత్రమే పట్టుకోవడం మనిషి బలహీనత. ప్రచారం నడిపేవాళ్లు తిండి తినేదే ఆ బలహీనత మీద.

మనకొక సామెత ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. గొప్ప సామెత, నిజం కూడా. ఎందుకు నిజం? గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద, ఒకేసేపు ఉడికాయి కాబట్టి. పైగా మెతుకు పట్టుకున్నది మన చెయ్యి. ఊరు అలాంటి గిన్నె కాదు. ప్రచారంలో ఆ మెతుకును మనం ఏరుకోం, వాళ్లు ఏరి మన నోట్లో పెడతారు.

అమెరికాలో 1988 అధ్యక్ష ఎన్నికల్లో ఏరిన మెతుకు ఇలాంటిదే. ఒకవైపు జార్జి బుష్, పెద్దాయన. మరోవైపు మాసచూసెట్స్ గవర్నరు మైకేల్ డుకాకిస్. ఆ రాష్ట్రంలో ఖైదీలను కొద్దిరోజులు సెలవు మీద ఇంటికి పంపే పద్ధతి ఉండేది. 1972లో అది మొదలైంది బుష్ పార్టీకే చెందిన గవర్నరు హయాంలో, అది వేరే కథ. హత్య కేసులో యావజ్జీవం పడ్డ ఖైదీ ఒకడు 1986లో అలా సెలవు మీద వెళ్లి తిరిగి రాలేదు. మరుసటి ఏడాది మేరీలాండ్‌లో ఒక ఇంట్లో చొరబడి దారుణానికి ఒడిగట్టాడు. నిజంగా జరిగిన ఘోరం అది. బుష్‌ను బలపరిచే ఒక బృందం ఆ ఖైదీ ఫొటో టీవీలో చూపించింది. అతను నల్లజాతివాడు కావడం ఆ ప్రకటనకు కలిసొచ్చిందని వేరే చెప్పాలా? తర్వాత బుష్ ప్రచారం వాళ్లే మరో ప్రకటన వేశారు. జైలు గేటులో ఖైదీలు గుండ్రంగా తిరిగి బయటికి వచ్చేస్తుంటారు. తెర మీద '268 మంది పారిపోయారు' అన్న అక్షరాలు. ఆ వెనకే, సెలవు మీద వెళ్లినవాళ్లు చాలామంది అపహరణలు, అత్యాచారాలు చేశారని ఒక గొంతు.

268 అబద్ధం కాదు. ఎంతమంది వెళ్తే 268 మంది పారిపోయారో మాత్రం ఆ తెర మీద లేదు. క్యాథ్లీన్ హాల్ జేమిసన్ అనే ఆచార్యురాలు తర్వాత ఆ ప్రకటనను విప్పి చూశారు. ఆ 268 మందిలో పెరోల్‌కు అర్హత లేని హంతకులు నలుగురు. ఆ నలుగురిలో అపహరణ, అత్యాచారం చేసినవాడు ఒక్కడు. అదే ఫొటోలోని మనిషి. ఇంతమంది, ఇంతమంది అంటూ వినిపించిన గొంతు వెనక ఉన్నది ఒకే ఒక్కడు. ఒక్క మెతుకు!

ఈ కథ అమెరికా వాళ్లది కదా అని మనం నవ్వుకోవచ్చు. కాబట్టి మన రేవుకు వద్దాం.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఆ వారంలోనే మన పోర్టులో సీబీఐ ఒక కంటైనర్‌ను తెరిచింది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన సరుకు, 25 వేల కిలోలు, కాగితాల మీద ఎండబెట్టిన ఈస్ట్. అక్కడికక్కడే చేసే కిట్ పరీక్షలో మత్తుమందు జాడ ఉన్నట్టు తేలింది. ఆ వార్త బయటికొచ్చిన మర్నాడు పొద్దున్నకల్లా రెండు ప్రధాన పార్టీలూ 'అది మీవాళ్లదే' అంటే 'మీవాళ్లదే' అని ఒకరి మీద ఒకరు. టీ దుకాణాల దగ్గర ఆ వారం వేరే మాట లేదు. చివరికి ఏం తేలిందన్నది నా పాఠానికి అక్కర్లేదు. ఆ పొద్దున ఎవరి చేతిలో ఏముంది? అదే నేను అడిగేది.

ఒక కిట్ ఉంది. అలాంటి కిట్లలో రంగు మారితే 'ఉండవచ్చు, ల్యాబుకు పంపండి' అని అర్థం. 'ఉంది' అని కాదు. అది మన టాక్సీ సాక్షి లాంటిది. రంగు మారినప్పుడు నిజంగా మందు ఉండే అవకాశం ఎంతో చెప్పాలంటే రెండు సంగతులు కావాలి. ఏ మందూ లేని పదార్థానికి కూడా అది ఎన్నిసార్లు రంగు మారుతుంది? అలాంటి కంటైనర్లలో నిజంగా మందు ఎంత అరుదు? ఇంటర్‌పోల్ నుంచి సమాచారం వచ్చి తెరిచారు కాబట్టి, దారిన పోయే కంటైనర్ కన్నా దీని మీద అనుమానానికి ఎక్కువ తావుంది. ఆ మాట కూడా ఒప్పుకోవాలి. కానీ ఈ రెండు ప్రశ్నల్లో ఏదీ ఏ వేదిక మీదా వినబడలేదు. పైగా ఇంకొక మాయ జరిగింది. 25 వేల కిలోలు అన్నది మొత్తం సరుకు బరువు. కొందరి నోట అది '25 వేల కిలోల మత్తుమందు' అయిపోయింది. గిన్నె బరువు అంతా ఉప్పు బరువు అన్నట్టు! అయినా చప్పట్లు పడ్డాయి. రెండువైపులా పడ్డాయి.

ఇక నాకు బాగా దగ్గరైన విషయం, ఓటర్ల జాబితా. ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఓపిక పట్టండి.

కొన్నేళ్ల క్రితం మా వీధికి ఒక కుర్రవాడు వచ్చాడు. ఏ పార్టీ అన్నది వదిలేయండి, ఈ పని అన్ని పార్టీలవాళ్లూ చేస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పిన్ను కొట్టిన కాగితాలు. 'మాస్టారూ, మన బూత్‌లో దొంగ ఓట్లు, చూడండి' అన్నాడు. చూశాను. కంప్యూటర్‌లో పేరు, తండ్రి పేరు పోల్చి, ఒకేలా ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి, ఎర్ర గీత కొట్టారు. మొదటి పేజీ చదివాక నాకు నవ్వొచ్చింది. అప్పలరాజు తండ్రి అప్పలస్వామి, అప్పలరాజు తండ్రి అప్పలస్వామి. నూకరాజు, నూకరాజు. పైడిరాజు, పైడిరాజు. కనకమహాలక్ష్మి నాలుగు సార్లు. సింహాచలం అయితే ఆడా మగా కలిపి ఒక కాలమ్ నిండా ఉన్నారు.

ఇది ఏ ఊరండీ? కొండ మీద అప్పన్న ఉన్నాడు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి ఉంది. అనకాపల్లిలో నూకాంబిక, విజయనగరంలో పైడితల్లమ్మ. మొక్కుకుని పుట్టిన పిల్లలకు ఆ పేర్లు కాక ఇంకేం పెడతారు? ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసినవాడికి సింహాద్రి అప్పన్న తెలియదు. అతని లెక్కలో ఒకే పేరు ఇద్దరికి ఉండటం అరుదు. మన దగ్గర లేకపోవడమే అరుదు.

ఇప్పుడు అంకెల్లో చెబుతాను. ఇవి నేను అనుకున్న అంకెలు, ఏ నియోజకవర్గానివీ కావు. రెండు లక్షల మంది ఓటర్లు అనుకుందాం. అందులో నిజంగా రెండుసార్లు నమోదైన దొంగ ఓట్లు వెయ్యికి ఒకటి, అంటే 200. సాఫ్ట్‌వేర్ చాలా మంచిదే అనుకుందాం. దొంగ ఓట్లలో నూటికి 90 పట్టేస్తుంది. అసలు ఓటర్లలో నూటికి ఒక్కరిని మాత్రమే పొరపాటున పట్టుకుంటుంది. ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ ఎక్కడ దొరుకుతుంది? దొంగ ఓట్లు 180 దొరికాయి. అసలు ఓటర్లు 1,99,800 మందిలో నూటికి ఒకరంటే 1,998 మంది. జాబితాలో మొత్తం 2,178 పేర్లు. అందులో దొంగ ఓటు పన్నెండింటికి ఒకటి. మిగతా పదకొండు మనలాంటివాళ్లవి.

వేదిక మీద దీన్ని ఎలా చెబుతారో ఊహించండి. '99 శాతం కచ్చితమైన సాఫ్ట్‌వేర్ పట్టుకున్న 2,178 దొంగ ఓట్లు!' ప్రతి అంకె నిజమే చూశారా? 99 నిజం, 2,178 నిజం. మధ్యలో 'దొంగ' అన్న మాట ఒక్కటే అబద్ధం. మైకులో ఆ మాటే గట్టిగా వినిపిస్తుంది.

ఇది నా ఊహ అనుకోవద్దు. అమెరికాలో 2012 ఎన్నికల మీద కొందరు పరిశోధకులు చేసిన లెక్క 2020లో అచ్చయింది. రెండుసార్లు ఓటేసినవాళ్లు సుమారు 4,000 మందికి ఒకరు, బహుశా అంతకన్నా తక్కువ అని తేల్చారు. పేరు, పుట్టిన తేదీ ఒకటైతే పాత నమోదును కొట్టేయాలన్న ఒక ప్రతిపాదనను కూడా పరిశీలించారు. అలా చేస్తే ఒక్క దొంగ ఓటును ఆపడానికి సుమారు 300 అసలు ఓట్లకు అడ్డు తగలవచ్చని లెక్క కట్టారు. అక్కడ పుట్టిన తేదీ కూడా కలిపి చూశారు. మనవాడి చేతిలో ఉన్నది తండ్రి పేరు మాత్రమే. మా తరంలో సగం మంది పుట్టిన తేదీ బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు వేసిందే కాబట్టి, అది కలిపినా పెద్ద తేడా ఉండదేమో! (నవ్వులు)

దీనికి అద్దంలో బొమ్మ లాంటి ఇంకో పొరపాటు ఉంది, త్వరగా చెప్పి దాటేస్తాను. 2024లో గెలిచిన లోక్‌సభ సభ్యుల అఫిడవిట్లను ఏడీఆర్ అనే ఎన్నికల నిఘా సంస్థ పరిశీలించింది. 543 మందిలో 251 మంది మీద క్రిమినల్ కేసులున్నాయి, 46 శాతం. అది విని 'కేసు ఉంటేనే గెలుస్తారు' అనేవాళ్లను నేను రోజూ బీచ్‌లో నడకకు వెళ్లినప్పుడు కలుస్తాను. తిప్పి చూడండి. కేసులున్న అభ్యర్థుల్లో గెలిచింది నూటికి 15 మంది. నూటికి 85 మంది ఇంటికే పోయారు. కేసులు లేనివాళ్లలో గెలిచింది 4.4 శాతమే కదా అంటారు. నిజమే, కానీ ఆ గుంపులో డిపాజిట్లు పోగొట్టుకునే ఇండిపెండెంట్లు వేలమంది ఉన్నారు. పెద్ద పార్టీ టికెట్టు దొరికినవాళ్లను మాత్రమే తీసుకుని పోల్చకుండా ఆ తేడా కేసుదో టికెట్టుదో ఎవరు చెప్పగలరు? గెలిచినవారిలో కేసులున్నవారు ఎందరన్నది ఒక ప్రశ్న, కేసులున్నవారిలో గెలిచినవారు ఎందరన్నది ఇంకో ప్రశ్న.

ఇదే తిరకాసు 'దొరికిన దొంగలంతా బయటి నుంచి వచ్చినవాళ్లే' అన్న మాటలో ఉంది. ఏ ఊళ్లో ఎన్నికలొచ్చినా ఈ మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. ఒక్క నిమిషం, ఈ హాల్లో తాతల కాలం నుంచీ విశాఖలోనే ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు... వెనక ఇంకొకరు. చూశారా? 1933లో పోర్టు వచ్చింది, 1941లో షిప్‌యార్డు, ఆ తర్వాత రిఫైనరీ, ఉక్కు కర్మాగారం. ఊరంతా బయటి నుంచి వచ్చినవాళ్లే అయినప్పుడు దొంగలూ బయటివాళ్లే అవుతారు, పోలీసులూ బయటివాళ్లే అవుతారు, ఈ మాట అనే నాయకుడూ బయటివాడే అవుతాడు.

ఇంతసేపూ హారం హారం అన్నాను. దానికీ ఒక దొంగ వాడకం ఉంది. అధికారంలో ఉన్నవాళ్లకు హారం అంటే మహా ఇష్టం, ఎందుకంటే దాని వెనక దాక్కోవచ్చు. 'ఇన్ని వందల పరిశ్రమల్లో, ఇన్నేళ్లలో, ఎక్కడో ఒక్క ప్రమాదం' అంటారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చి 12 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ వీధిలో నిలబడి అసలు పాళ్లు చెప్పే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. అసలు పాళ్లు మనం బయల్దేరే చోటు. అక్కడి నుంచి ఆ ఒక్క ట్యాంకు ఎలా ఉంది, అందులో వేడి ఎంత, ఎవరు చూసుకున్నారు అని వెతుక్కుంటూ ముందుకు పోవాలి. టాక్సీ కేసులో కూడా సాక్షిని పంపేయమని నేను అనలేదు. సాక్షి మాటతో 15 శాతం అనుమానం 41 అయింది, అది చిన్న మార్పు కాదు. సాక్షినీ వినాలి, ఊళ్లో టాక్సీలనూ లెక్కపెట్టాలి. ప్రతిపక్షంవాళ్లు సాక్షిని తెస్తారు, అధికార పక్షంవాళ్లు టాక్సీల లెక్క తెస్తారు. రేపు కుర్చీలు మారితే ఆ వాదనలూ మారిపోతాయి, అదే మనుషులతో.

సమయం అయిపోయినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: 'మాస్టారూ, నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను, బీఎల్ఓగా, అంటే బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారిగా కూడా వేశారు. జాబితాలు నమ్మవద్దంటే దొంగ ఓట్లను ఎలా ఏరాలండీ? నిజంగానూ ఉంటాయి కదా.')

ఉంటాయమ్మా, ఎందుకుండవు. నా లెక్కలో కూడా 200 ఉన్నాయి, 180 ఆ జాబితాలోనే ఉన్నాయి. జాబితా పారేయమని నేను అనను. అది దొంగల జాబితా కాదు, మీరు తలుపు కొట్టాల్సిన ఇళ్ల జాబితా. చట్టం కూడా అదే చెబుతోంది. పేరు తీసేయమని కోరే ఫారం 7 ఎవరిచ్చినా, పేరు తీసేసే ముందు ఆ మనిషికి నోటీసు ఇచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. వేదిక మీదివాళ్లకు తలుపు కొట్టే పని ఉండదు, మీకు ఉంటుంది. ఎండలో తిరిగేది మీరే.

ఇందాక చెప్పిన ఆ కుర్రవాడి సంగతి పూర్తి చేసి కూర్చుంటాను. అతని జాబితాలో అన్నిటికన్నా గట్టి కేసు ఒకటి ఉంది. ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే ఇంటిపేరు, ఇంటి నంబరు కూడా ఒకటే. వయసులో రెండేళ్లే తేడా. 'దీనికేమంటారు మాస్టారూ?' అన్నాడు. నేనూ జవాబు చెప్పలేక, 'పద, రెండు సందుల అవతలే కదా' అని బయల్దేరాను. రేకుల ఇల్లు, బయట వల ఆరేసి ఉంది. కుర్రవాడు కాగితం చూసి పేరు పెట్టి పిలిచాడు. లోపలి నుంచి ఒక ముసలావిడ వచ్చి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

'ఎవరు కావాలి బాబూ, పెద్దోడా, చిన్నోడా?' అంది.